ఆ రాజీనామా కాగితం మీద సంతకం పెట్టేముందు

అందరికీ నమస్కారమండి. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్ మీలో ఎంతమంది పూర్తిగా చదివారు? జీతం అంకె చూసుకుని బీరువాలో పెట్టేస్తాం కదా, మా ఇంట్లోనూ అంతే జరిగింది.

మా చెల్లెలి కొడుకు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్ళు చేశాడు. ఒక శుక్రవారం సాయంత్రం పిలిచి ప్రాజెక్ట్ అయిపోయింది, నీకు ఇంకోటి లేదు అని, ముందే టైప్ చేసిన రాజీనామా కాగితం ముందు పెట్టారు, "వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నాను" అని ఉంది అందులో, పక్కనే పెన్ను. ఇప్పుడే సంతకం పెడితే రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం అన్నారంట. వాడు బయటికొచ్చి ఫోన్ చేశాడు, పెద్దమ్మా ఏం చెయ్యను అని.

పెట్టకు నాన్నా, ఇంటికెళ్ళి చదువుకుని చెప్తానని వచ్చెయ్ అన్నాను.

ఎందుకంటే మనంతట మనం మానేస్తే అది రాజీనామా, పని లేదని వాళ్ళు తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్, రెండిటికీ డబ్బులో చాలా తేడా ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, దాని బదులు 2025 నవంబర్‌లో అమల్లోకొచ్చిన కొత్త చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ మాట ఒకటే: ఏడాది సర్వీస్ ఉన్న వర్కర్‌ని తీసెయ్యాలంటే కారణం రాసి నెల నోటీసివ్వాలి, లేదా నెల జీతమివ్వాలి, దాంతోపాటు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం. ఆరేళ్ళకి 90 రోజులు, అంటే మూణ్ణెల్ల జీతం! సంతకం పెడితే అది పోయినట్టే. గ్రాట్యుటీ మాత్రం అయిదేళ్ళు దాటితే రాజీనామా చేసినా వస్తుంది, బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) 40,000 ఉంటే వాడికి దగ్గర దగ్గర 1,38,000.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు వర్కర్లా అని అడుగుతారు. మేనేజర్లు ఆ లెక్కలోకి రారు గానీ, టెక్నికల్ పని చేసేవాళ్ళు జీతం ఎక్కువైనా రావచ్చు, కార్డు మీద హోదా కాదు, రోజూ చేసే పని చూస్తారు.

ఆ రాత్రి వాడి అపాయింట్‌మెంట్ లెటర్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచి చదివాం. వాడు మానేస్తే 90 రోజుల నోటీసంట, కంపెనీ తీసేస్తే 30 రోజులేనంట, అదీ బేసిక్ మీదే లెక్క! నాకు ఒళ్ళు మండిపోయింది. మీ లెటర్‌లో కూడా ఈ రెండు లైన్లూ చూసుకోండి, బేసిక్ అనుందా మొత్తం జీతం అనుందా అన్నది ముఖ్యం.

కొత్త వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా, మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో కంప్లయింట్ రాసివ్వొచ్చు.

మావాడు సోమవారం మెయిల్ పెట్టాడు, నేను రాజీనామా చెయ్యట్లేదు, తీసేస్తుంటే కారణం రాసి నోటీసివ్వండి అని. మూడు వారాలు తిప్పి పరిహారం ఇచ్చారు. కానీ ఆ శుక్రవారమే లాప్‌టాప్ లాక్ చేసేశారు, పేస్లిప్పులన్నీ ఆఫీస్ మెయిల్‌లోనే ఉండిపోయాయి, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని లెక్క చూపించాల్సొచ్చింది. మీ పేస్లిప్పులూ ఆ లెటరూ ఇవాళే సొంత మెయిల్‌కి పంపుకోండి.