నెమ్మదిగా నడిచే ఇంజను

శ్రోతలకు నమస్కారం.

ఈవేళ చిన్న రైలు గురించి మాట్లాడుకుందాం. అసలు రైలును కొలత ప్రకారం కుదించి, ఒక చెక్క మీద పట్టాలు పరిచి, స్టేషను, యార్డు, సిగ్నలు అన్నీ అమర్చి నడుపుతారు చూడండి, ఆ రైలు. అలా అమర్చిన దాన్ని లేఅవుట్ అంటారు. చూసిన ప్రతివాళ్లకూ మనసు లాగుతుంది. ఆ వెంటనే ఒక మాట అంటారు: "మాకూ ఇష్టమేనండీ, ఇంట్లో చోటేదీ?"

చోటు గురించి దిగులు పెట్టుకోకండి. చిన్న లేఅవుట్‌కు కావలసింది నెమ్మదిగా నడిచే ఇంజను. ఈ మాట ఇవాళ మళ్లీ మళ్లీ అంటాను, విసుక్కోకండి. నెమ్మదిగా నడిచే ఇంజను.

ఎందుకో ఒక చిన్న లెక్కలో చెబుతాను. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ. అంటే బొమ్మ రైలు అసలు రైలులో 87వ వంతు ఉంటుంది, రెండు పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నది కావాలనుకునేవాళ్లకు ఎన్ స్కేల్ ఉంది, అది 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. మనం హెచ్‌ఓ సంగతే చూద్దాం. అసలు రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. ఆ లెక్కన బొమ్మ రైలు సెకనుకు 19 సెంటీమీటర్లు పోవాలి. మీ చెక్క పొడవు ఒకటిన్నర మీటరైతే, ఈ చివర బయలుదేరిన రైలు ఎనిమిది సెకన్లలో ఆ చివర ఉంటుంది. ఎనిమిది సెకన్లలో ఆట అయిపోయింది!

ఇప్పుడు అదే చెక్క మీద యార్డులో షంటింగ్ చేసే, అంటే వ్యాగన్లను అటూ ఇటూ మార్చి పేర్చే, ఇంజనును ఊహించుకోండి. గంటకు 5 కిలోమీటర్లు, మనిషి నడక వేగం. బొమ్మలో అది సెకనుకు 1.6 సెంటీమీటర్లు. ఒకటిన్నర మీటరు దాటడానికి ఒకటిన్నర నిమిషం పైనే పడుతుంది. ఆ ఒకటిన్నర నిమిషంలో కనెక్టింగ్ రాడ్లు పైకీ కిందికీ తిరగడం చూడొచ్చు, పిస్టన్ రాడ్ లోపలికి వెళ్లి బయటికి రావడం చూడొచ్చు. ఆవిరి ఇంజను అందమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. డీజిల్ ఇంజను తన యంత్రాన్ని పెట్టెలో దాచుకుంటుంది. ఆవిరి ఇంజను అంతా బయటే పెట్టుకుని నడుస్తుంది. వేగంగా పోతే ఆ కదలికంతా అలికేసినట్టయిపోతుంది.

చిన్న చోటులో ఎంత ఆట ఇమడ్చవచ్చో చూపించినవాడు ఆలన్ రైట్ అనే బ్రిటిష్ మోడలర్. ఆయన ప్లాన్ పేరు ఇంగిల్‌నుక్ సైడింగ్స్. ఒక లైను వస్తుంది, రెండు పాయింట్లతో, అంటే పట్టాల దారి చీలే చోట్లతో, అది మూడు సైడింగులుగా, అంటే పక్క లైన్లుగా చీలుతుంది. అంతే, ఇంకేం లేదు. ఒక సైడింగులో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగిలిన రెండింటిలో మూడేసి. ఇవతలి వైపు లైనులో ఇంజను, దానితోపాటు మూడు వ్యాగన్లు మాత్రమే పడతాయి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. ఒక్కో వ్యాగనుకు ఒక చీటీ రాసి, చీటీలు కలిపి ఐదు తీస్తారు. తీసిన వరుసలోనే ఆ ఐదు వ్యాగన్లతో బండి తయారు చేయాలి.

వినడానికి తేలిగ్గా ఉంది కదూ? ఎనిమిదింటిలోంచి ఐదింటిని వరుసగా పేర్చే పద్ధతులు 6,720. ఈ సాయంత్రం తీసిన చీటీల వరుస మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు! పొట్టి వ్యాగన్లు వాడితే ఇదంతా ఒకటిన్నర మీటరు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న చెక్క మీద ఇమిడిపోతుంది. ఆట అయ్యాక గోడకు నిలబెట్టేయవచ్చు. పెద్ద హాలు నిండా పట్టాలు వేసుకున్నవాళ్లను చూసి నేనేమీ అసూయపడను. మొదటిసారి చేసేవాళ్లు మాత్రం ఈ ప్లాన్‌తోనే మొదలుపెడితే బాగుంటుందని మనస్ఫూర్తిగా చెబుతాను.

అయితే ఈ ఆటలో ఇంజను పాయింట్ల మీదుగా పదే పదే వెనక్కీ ముందుకీ పోవాలి, అదీ నత్తనడకన. చాలా ఆవిరి ఇంజన్లు అక్కడే ఆగిపోతాయి. వేలితో కాస్త తోస్తే మళ్లీ కదులుతాయి. ఆ వేలు పెట్టడం మొదలైందంటే సరదా సగం పోయినట్టే.

ఎందుకు ఆగుతుంది? బొమ్మ ఇంజనుకు కరెంటు పట్టాల నుంచే అందుతుంది. కుడి పట్టా ఒక తీగ, ఎడమ పట్టా రెండో తీగ. చక్రాలు పట్టాల్ని తాకుతూ ఆ కరెంటును మోటారుకు అందిస్తాయి. డీజిల్ మోడల్‌లో సాధారణంగా ముందూ వెనకా ఉండే రెండు చక్రాల చట్రాల్లోని అన్ని చక్రాలూ ఈ పని చేస్తాయి. పాత ఆవిరి మోడళ్లలో చాలావాటికి పెద్ద చక్రాలే దిక్కు.

నా దగ్గర ఒక పాత షంటింగ్ ఇంజను ఉంది. ఆరు పెద్ద చక్రాలు, వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండర్. మోటారు బాగుంది, గేర్లు బాగున్నాయి, గట్టిగా నడిపితే పరుగెడుతుంది. నెమ్మదిగా నడిపితే మాత్రం ప్రతి పాయింటు మీదా ఆగేది. తిరగేసి చక్రాలు చూశాను. వెనక ఇరుసు మీది రెండు చక్రాలకు రబ్బరు పట్టీలు, పట్టు కోసం వేసినవి. రబ్బరులోంచి కరెంటు రాదు. ఇక మిగిలినవి నాలుగు, అంటే ఒక్కో వైపు రెండే రెండు చక్రాలు. పాయింటు మధ్యలో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటును ఫ్రాగ్ అంటారు. చాలా పాయింట్లలో అది ప్లాస్టిక్కే. ఆ రెండింటిలో ఒక చక్రం ప్లాస్టిక్ మీదికి ఎక్కింది, రెండో చక్రం కింద కాస్త మురికి ఉంది. ఇంకేముంది, ఇంజను ఆగిపోయింది! వెనక టెండర్‌కు ఆరు చక్రాలున్నాయి. ఆరూ ప్లాస్టిక్. ఊరికే దొర్లుతున్నాయి తప్ప పని చేయడం లేదు.

ఇక్కడ ఒక అసలు ఇంజనీరును తలచుకోకుండా ఉండలేను. ఆయన ఆంద్రే షాపెలాన్. 1929లో ఫ్రాన్స్‌లోని పారిస్-ఓర్లియాన్ రైల్వేలో 3566 అనే పాత ఇంజనును తిరిగి తీర్చిదిద్దాడు. కొత్త ఇంజను కట్టలేదు. బాయిలర్ నుంచి సిలిండర్‌కు ఆవిరి వెళ్లే గొట్టాలు ఇరుకుగా, వంకర్లుగా ఉంటే వాటిని వెడల్పు చేశాడు, ఆవిరిని మరింత వేడెక్కించాడు, వాడిన ఆవిరి పొగగొట్టంలోంచి సాఫీగా బయటపడేలా చేశాడు. 2,000 హార్స్‌పవర్ కూడా ఇవ్వని ఇంజను 3,000 దాటింది. ఆయన చేసిందంతా ఆవిరికి దారి సాఫీ చేయడం. మన బొమ్మ ఇంజనుకు ఆవిరి కరెంటే. కాబట్టి ముందు కరెంటుకు దారి సాఫీ చేయాలి. మిగతా హంగులన్నీ ఆ తరువాతే.

ఆ హంగుల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. కొందరు మోటారు మారుస్తారు, పాత మోటారు తీసి తక్కువ కరెంటు తాగే కోర్‌లెస్ మోటారు పెడతారు. కొందరు లోపల బరువు పెంచుతారు. పెంచండి గానీ ఒక హద్దుంది: భారం ఎక్కువైనప్పుడు మోటారు మొరాయించే లోపే చక్రాలు జారాలి. అలా జారకపోతే బరువు ఎక్కువైనట్టు, మోటారు కాలిపోతుంది. ఇంకొందరు డీసీసీ అనే డిజిటల్ నియంత్రణ పద్ధతి పెడతారు. అందులో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, ఇంజనులో కూర్చున్న డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ మోటారుకు ఎంత కావాలో అంత ఇస్తుంది. శబ్దం కూడా వస్తుంది. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒకసారి తిరిగితే నాలుగుసార్లు "చుక్" అనాలి. ఆ లెక్క కుదిరినప్పుడు వినడానికి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. కానీ చక్రం దగ్గర కరెంటు తెగితే డీకోడర్ కూడా ఆగిపోతుంది, శబ్దం మధ్యలో తెగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కరెంటు తెగినా కాసేపు నడిపించే కెపాసిటర్లు ఉన్నాయి, మంచివే. వాటిని రెండో మెట్టుగా చూడండి. మొదటి మెట్టు చక్రాలే.

నాకున్న కాస్త సమయంలో ఆ మొదటి మెట్టు ఒక్కటీ పూర్తిగా చెబుతాను. టెండర్ చక్రాల నుంచి కరెంటు తీసుకోవడం.

ముందు టెండర్‌లోని ప్లాస్టిక్ చక్రాలు తీసేసి లోహపు చక్రాలు వేయండి. ఒక ఇరుసు మీది రెండు చక్రాల మధ్య కరెంటు పారకూడదు, అలా విడదీసి తయారుచేసినవే కొనాలి. తరువాత రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్క ఒకటి, టెండర్ అడుగున పట్టేంత సన్నగా, పొడుగ్గా కోయండి. ఆకురాయితో దాని మధ్యన నిలువునా ఒక గీత గీయండి, రాగి పూత పూర్తిగా లేచిపోయి కుడి భాగం, ఎడమ భాగం వేరుపడే దాకా. ఇది ముఖ్యం. ఈ గీత దగ్గర చిన్న రాగి పొర మిగిలినా షార్ట్ అవుతుంది.

ఇప్పుడు తీగ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగే వాడండి, మిల్లీమీటరులో పదింట మూడు వంతుల మందం చాలు. మామూలు రాగి తీగ ఒకసారి వంగితే వంగినట్టే ఉండిపోతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ స్ప్రింగులా వెనక్కి వస్తుంది, చక్రాన్ని ఎప్పుడూ తాకుతూనే ఉంటుంది. ఒక్కో చక్రానికి ఒక్కో తీగ, మొత్తం ఆరు. కుడి చక్రాలవి కుడి రాగి మీద, ఎడమ చక్రాలవి ఎడమ రాగి మీద టంకం వేయండి. టంకం పనంతా బల్ల మీదే ముగించి, ఆ తరువాతే బోర్డును ఎపాక్సీతో టెండర్‌కు అతికించండి. ముందే అతికిస్తే వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది.

తీగ కొసను చక్రం వెనక వైపు, లోపలి ముఖానికి మెల్లగా ఆనేలా వంచండి. మెల్లగా అంటే ఎంత? టెండర్ ఒక్కదాన్నీ కాస్త వాలుగా పెట్టిన పట్టా మీద వదలండి. తనంతట తాను దొర్లాలి. దొర్లకపోతే తీగ గట్టిగా నొక్కుతోందన్నమాట, కాస్త వెనక్కి వంచండి. గట్టిగా నొక్కితే కరెంటు ఎక్కువ వస్తుందనుకుంటారు కొందరు. రాదు, చక్రం బిగుసుకుని పట్టా మీద ఈడ్చుకుపోతుంది.

బోర్డు నుంచి రెండు మెత్తటి సన్నటి తీగలు ఇంజనులోకి తీసుకెళ్లండి. కుడిది కుడి చక్రాల తీగతో, ఎడమది ఎడమ చక్రాల తీగతో కలపండి. ఇంజను, టెండర్ల మధ్య కాస్త వదులుగా ఉంచాలి, మలుపులో లాగకూడదు. డీసీసీ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: ఎర్ర తీగ కుడి పట్టాకు, నల్ల తీగ ఎడమ పట్టాకు, నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు. పాత ఇంజన్లలో మోటారుకు కరెంటు అందించే బ్రష్‌లలో ఒకటి లోహపు చట్రాన్ని తాకుతుంటుంది. దాన్ని విడదీయకుండా డీకోడర్ తగిలిస్తే పట్టాల కరెంటు నేరుగా దాంట్లోకి వెళ్లి అది కాలిపోతుంది. మల్టీమీటర్ పెట్టి, మోటారు బ్రష్‌లకూ పట్టాలకూ మధ్య దారి ఏమీ లేదని చూసుకున్నాకే పవర్ ఇవ్వండి.

ఇక పరీక్ష. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. పట్టాల మీద ఒక కాగితం ముక్క పరిచి, ఇంజను పెద్ద చక్రాలన్నీ కాగితం మీద, టెండర్ చక్రాలు పట్టా మీద ఉండేలా నిలబెట్టండి. పవర్ ఇవ్వండి. ఇంజను చక్రాలకు ఇప్పుడు కరెంటు అందదు. అయినా మోటారు తిరిగి, చక్రాలు కాగితాన్ని వెనక్కి నెట్టేస్తే మీ టెండర్ పని చేస్తున్నట్టే. తిరగకపోతే మల్టీమీటర్ తీసుకుని ఒక్కో చక్రం దగ్గరి నుంచి వెతకండి, తీగ తాకని చక్రం దొరుకుతుంది.

నా పాత ఇంజనుకు ఒక్కో వైపు రెండు చక్రాలుండేవి, ఇప్పుడు ఐదయ్యాయి. అవి కూడా ఇంజను పొడవునా, టెండర్ పొడవునా పరుచుకుని ఉన్నాయి. ఒక చక్రం ఫ్రాగ్ మీద ఉంటే మిగతావి పట్టా మీద ఉంటాయి. మీరు చేసుకున్నాక అతి తక్కువ వేగం పెట్టి, పాయింటు మీదుగా ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నడపండి. రెండు దారుల్లోనూ నడపండి, తిన్నగా వెళ్లే దారిలోనూ, పక్కకు చీలే దారిలోనూ. నాలుగు సార్లూ ఆగకుండా దాటితే, ఎనిమిది వ్యాగన్లు తెచ్చి సైడింగుల్లో పెట్టి చీటీలు తీయండి.

నమస్కారం.