కామి షిరతకి స్టేషన్ కథ: ఫార్వర్డ్‌లో రానిది
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, లైబ్రేరియన్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పిలిచి మైకు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. 'పఠనాసక్తి పెంచడం ఎలా' అని నాకు విషయం ఇచ్చారు. దానికి వస్తాను. ముందు ఒక రైల్వే స్టేషన్ గురించి చెప్పనివ్వండి. రైల్వేలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, ఈ సంగతి చాలాకాలంగా మనసులో నలుగుతోంది.

జపాన్‌లో ఒక్క అమ్మాయి చదువు కోసం, ఆమె స్కూలు వేళలకే రోజుకు ఒక్క బండి నడిపారని, ఆమె చదువు పూర్తయిన రోజునే స్టేషన్ మూసేశారని మీ అందరి ఫోన్లకూ వచ్చే ఉంటుంది. చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ! ఈ మధ్య ఒక స్కూలు వార్షికోత్సవంలో ముఖ్య అతిథి అదే కథ చెప్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు బాధేసింది. కథ మంచిదే. కానీ అందులో స్టేషన్ పేరు దగ్గర్నుంచి తప్పే.

ఫార్వర్డ్‌లో చెప్పే స్టేషన్ పేరు కామి షిరతకి. జపాన్‌కు ఉత్తరాన హొక్కైడో దీవిలో, సెకిహోకు మెయిన్ లైను మీద ఉండేది. పడమర నుంచి వరస చెప్తాను, గుర్తుపెట్టుకోండి: కామికవా, కొండ దాటాక కామి షిరతకి, తర్వాత షిరతకి, క్యూ షిరతకి, షిమో షిరతకి. ఇంకా తూర్పుకు పోతే ఎంగారు అనే పట్నం. హైస్కూలు అక్కడుంది. ఆ అమ్మాయి రైలెక్కింది కామి షిరతకిలో కాదండీ, క్యూ షిరతకిలో. రెండు స్టేషన్లు అవతల.

ఒక స్టేషన్ అయితేనేం, ఇంకోటి అయితేనేం అంటారేమో. రైల్వేవాడికి తేడా ఉంది. ఎంగారు నుంచి వచ్చే ప్యాసింజర్లు చాలావరకు షిరతకి దాకా వచ్చి ఆగిపోయేవి. అందుకే తూర్పున ఉన్న క్యూ షిరతకికి సాయంత్రం స్కూలు నుంచి తిరిగి రావడానికి మూడు బండ్లుండేవి. కామి షిరతకి పడమటి వైపుంది. కొండ దాటే ఒక్క ప్యాసింజరే దానికి దిక్కు. పొద్దున 7:04కి ఎంగారు వైపు ఒకటి, సాయంత్రం 17:08కి కొండవైపు ఒకటి. అంతే. ఎక్స్‌ప్రెస్‌లు ఆగకుండా పోయేవి. రోజుకు ఒక్క బండి అన్నది అమ్మాయి కోసం వేసిన టైమ్‌టేబుల్ కాదు, ఆ కొండ వేసిన టైమ్‌టేబుల్.

అక్కడ రైలెక్కడం ఎలాగో కూడా చెప్పాలి. ఒక్క పెట్టె డీజిల్ బండి, గార్డు ఉండడు. వెనక తలుపు దగ్గర ఎక్కి మెషీన్ నుంచి నంబరు చీటీ తీసుకోవాలి. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డ్రైవరు పక్కనున్న పెట్టెలో చీటీ, చిల్లర వేయాలి. కామి షిరతకిలో చెక్కతో కట్టిన పాత స్టేషన్ భవనం, ఒక ప్లాట్‌ఫారం, ఒక లైను. క్యూ షిరతకికి అదీ లేదు, చెక్క గది ఒకటి. 1947లో ఊరివాళ్లు ఎక్కి దిగడానికి పెట్టిన తాత్కాలిక హాల్టు అది. 1987 ఏప్రిల్ 1న జపాన్ ప్రభుత్వ రైల్వేను కంపెనీలుగా విడగొట్టిన రోజున దానికి స్టేషన్ హోదా వచ్చింది.

అసలు అంత చలిలో, అంత అడవిలో స్టేషన్ ఎవరికోసం కట్టారు? నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది. 1912లో దక్షిణాన వకాయామా ప్రాంతం నుంచి 54 కుటుంబాలు షిరతకికి వలస వచ్చాయి. వాళ్లను తీసుకొచ్చినాయన మొరిహెయి ఉయెషిబా. అవును, తర్వాత ఐకిడో అనే యుద్ధవిద్యను స్థాపించిన ఆయనే! వాళ్లు అడవి కొట్టి పొలాలు చేశారు, పుదీనా జాతి పైరు వేశారు, కలప అమ్ముకున్నారు. అప్పటికి రైలు లేదు. తూర్పు నుంచి పట్టాలు 1929లో షిరతకికి చేరాయి, 1932లో కొండ దాటి పడమటి లైనుతో కలిశాయి. కామి షిరతకి ఆ ఏడే తెరిచారు. అంతకుముందు ఎంగారు నుంచి పడమటనున్న అసహికవా నగరానికి పోవాలంటే ఉత్తరాన నయోరో అనే ఊరి మీదుగా చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఫార్వర్డ్‌లో ఈ 54 కుటుంబాల ఊసు ఒక్క ముక్కయినా ఉందా?

టైమవుతోందని అధ్యక్షులవారు చూస్తున్నారు. రెండు నిమిషాలు, దయచేసి.

మూసివేత తేదీ 2016 మార్చి 26. అమ్మాయి చదువు పూర్తయ్యే దాకా ఆగి మూశారని కథ. హొక్కైడోలో హైస్కూలు పట్టాలు మార్చి మొదట్లోనే ఇచ్చేస్తారు. మార్చి 26 అంటే అక్కడి రైల్వే కొత్త టైమ్‌టేబుల్ అమల్లోకి వచ్చిన రోజు. హొక్కైడోకు మొదటిసారి బుల్లెట్ రైలు వచ్చిన రోజు కూడా అదే! కామి, క్యూ, షిమో మూడూ ఆ రోజే మూతపడ్డాయి, దీవిలో ఇంకొన్ని చిన్న స్టేషన్లు కూడా. ఎక్కేవాళ్లు లేక మూశారు. ఒక్క అమ్మాయి కోసం మూడు స్టేషన్లు ఎందుకు నడుపుతారండీ? ఆ జనవరిలో చైనా ప్రభుత్వ టీవీ ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన పోస్టు ప్రపంచమంతా తిరిగి, చిలవలు పలవలు వేసుకుని మన గ్రూపుల దాకా వచ్చింది.

ఆ అమ్మాయి నిజమే. ఆ రైల్లో చదువుకోవడానికి వెళ్లిందీ నిజమే. నేను కాదనను. నేను అడిగేది వేరు. ఒక ఊరు వందేళ్లలో వెలిసి ఖాళీ అయిపోతే, దాన్ని రైల్వే కంపెనీ దయాగుణం కథగా మార్చి చదివేసి తృప్తిపడితే ఎలా? ఆ 2016 నవంబర్‌లోనే అదే కంపెనీ, జేఆర్ హొక్కైడో, 1,237 కిలోమీటర్ల లైన్లను ఒంటరిగా నడపలేనని ప్రకటించింది. తన మొత్తం లైన్లలో దాదాపు సగం! ఈ సెకిహోకు లైనూ అందులో ఉంది. ఇది మనకెవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఇప్పుడు కామికవా దాటితే తర్వాత స్టేషన్ షిరతకే. మధ్యలో 37.3 కిలోమీటర్లు. జపాన్‌లో బుల్లెట్ లైన్లు కాకుండా మామూలు జేఆర్ లైన్లలో, అంటే పాత ప్రభుత్వ రైల్వే నుంచి విడిపోయిన కంపెనీల లైన్లలో, రెండు స్టేషన్ల మధ్య ఇంత దూరం ఇంకెక్కడా లేదు. ఒకప్పుడు ఆ మధ్యలో కామి షిరతకి కాక ఇంకా స్టేషన్లుండేవి. 2001లో వాటిని తీసేసి, కొన్నింటిని బండ్ల క్రాసింగ్ కోసం మాత్రం ఉంచారు.

పఠనాసక్తి గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ఇక్కడి పిల్లలకు నా విన్నపం ఒక్కటే: ఏ ఫార్వర్డ్ వచ్చినా ముందు లైబ్రరీలో అట్లాస్ తెరిచి ఆ ఊరు ఎక్కడుందో వెతకండి. ఈ లైను మ్యాపు పెద్ద కాగితం మీద గీసి పత్రికల బల్ల పైన గోడకి అంటించాను. మూతపడ్డ స్టేషన్లు ఎర్ర రంగులో ఉన్నాయి. వందన సమర్పణ అయ్యాక అక్కడే ఉంటాను, వచ్చి అడగండి. నమస్కారం.