మేడ్ ఇన్ జపాన్: మూడు రాత్రుల్లో ఏ రాత్రి గొప్పది?

నమస్తే అండీ. లైవ్ ఆల్బమ్‌ల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు అడ్డం పడతారు. "లైవూ లేదు, గీవూ లేదు అన్నా. కచేరీలో తప్పులు వాయించి, ఇంటికొచ్చి స్టూడియోలో దిద్దుకుంటారు. చప్పట్లు కూడా అతికించినవే" అంటారు.

ఈ మాటలో నిజం లేకపోలేదు. 1975లో అమెరికా రాక్ బ్యాండ్ కిస్ తెచ్చిన అలైవ్ ఆల్బమ్‌లో స్టూడియో మరమ్మతులు బోలెడు. 1978లో థిన్ లిజీ అనే ఐరిష్ బ్యాండ్ వాళ్ల లైవ్ అండ్ డేంజరస్ వచ్చింది. అందులో చాలా భాగం మళ్లీ రికార్డు చేశామని దాని నిర్మాత టోనీ విస్కాంటీయే చెప్పాడు. బ్యాండ్ వైపు వాళ్లు కాదన్నారు. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. నాకైతే ఆ ఆల్బమ్ ఎలా తయారైనా ఇష్టమే, అది వేరే సంగతి.

కానీ అందరినీ ఒకే గాటన కట్టేసే వాళ్లకు నేను చూపించే రికార్డు ఒకటుంది. బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ వాళ్ల మేడ్ ఇన్ జపాన్. మూడు రాత్రులు వాయించారు, ఎనిమిది ట్రాకుల యంత్రం మీద రికార్డు చేశారు, అందులోంచి ఏరుకున్నారు. అంతే. తర్వాత స్టూడియోలో కూర్చుని కొత్తగా వాయించి కలిపింది ఏమీ లేదు.

సంగతేమిటంటే, ఈ ఆల్బమ్ మీద వాళ్లకే పెద్ద ఆసక్తి లేదు. 1972 నాటికి డీప్ పర్పుల్ అంటే గిటార్ రిచీ బ్లాక్‌మోర్, గొంతు ఇయాన్ గిలన్, హామండ్ ఆర్గన్ జాన్ లార్డ్, బేస్ రోజర్ గ్లోవర్, డ్రమ్స్ ఇయాన్ పేస్. ఆ మార్చిలోనే వాళ్ల స్టూడియో ఆల్బమ్ మెషీన్ హెడ్ వచ్చింది. జపాన్‌లో వాళ్లకు గిరాకీ బాగా ఉంది. మేలో జరగాల్సిన పర్యటన ఆగస్టుకు వాయిదా పడింది. అక్కడి వార్నర్ కంపెనీ వాళ్లు మాకొక లైవ్ రికార్డు కావాలని పట్టుబట్టారు. మన స్టేజీ హోరు టేపుకి ఎక్కదులే అని బ్యాండ్ నమ్మకం. మరోపక్క దొంగ రికార్డులు తిరుగుతూనే ఉన్నాయి. జర్మనీలోని ఆహెన్‌లో 1970లో చేసిన కచేరీని ఎవరో హెచ్ బాంబ్ అని పేరు పెట్టి అమ్మేశారు కూడా. చివరికి షరతుల మీద ఒప్పుకున్నారు. రికార్డింగ్ మా ఇంజనీర్ మార్టిన్ బర్చ్ చూసుకోవాలి, విడుదల చేయాలా వద్దా అన్నది మేమే తేల్చాలి అన్నారు. మొత్తం ఖర్చు సుమారు 3,000 డాలర్లు. రాక్ చరిత్రలో ఇంత చౌకగా ఇంత పేరు తెచ్చుకున్న రికార్డు వెతికినా దొరకదేమో.

ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకా ఫెస్టివల్ హాల్‌లో, 17న టోక్యో బుడోకాన్‌లో వాయించారు. ఆగస్టు 15 అంటే ఇక్కడ మనవాళ్లు స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లని జెండాలు కడుతున్న రోజన్నమాట.

ఇక అభిమానులు జుట్టూ జుట్టూ పట్టుకునే చోటికి వద్దాం. మూడు రాత్రుల్లో ఏది గొప్పది?

లెక్క చూస్తే సులువే. ఆల్బమ్‌లో ఏడు పాటలు. హైవే స్టార్, చైల్డ్ ఇన్ టైమ్, స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్, స్పేస్ ట్రకిన్, ఈ నాలుగూ 16వ తేదీవి. ద మ్యూల్, లేజీ టోక్యోవి. మొదటి రాత్రి నుంచి తీసుకున్నది ఒక్కటే, స్మోక్ ఆన్ ద వాటర్. ఆ రాత్రి బ్యాండ్ ఇంకా హాలుకు అలవాటు పడలేదు, కాస్త బిగుసుకుపోయి వాయించారు. మరి ఆ పాట ఒక్కటి ఎందుకు తీసుకున్నట్టు? మొదట్లో వచ్చే ఆ రిఫ్‌ను, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న గిటార్ వరసను, బ్లాక్‌మోర్ సరిగ్గా వాయించింది ఆ ఒక్క రాత్రేనట! గిటార్ పట్టిన ప్రతి పిల్లాడూ మొదటి వారంలో నేర్చుకునే రిఫ్ అది. దాన్ని కట్టినాయనే రెండు రాత్రులు గాడి తప్పించాడంటే నాకు భలే సరదాగా ఉంటుంది. అయితే ఆయన సంగతి తెలిసిన వాళ్లు తప్పు అనరు, విసుగు అంటారు. ఉన్నదున్నట్టు వాయించడం ఆయనకు ఎప్పుడూ పడదు.

మీరు ఆ పాట పెట్టుకుని మొదటి అర నిమిషం మాత్రం వినండి. గిటార్ ఒంటరిగా మొదలవుతుంది. జనం చప్పట్లతో తాళం అందుకుంటారు. ఆ చప్పట్లు అతికించినవి కావని చెవికే తెలిసిపోతుంది. హాలులో దూరంగా ఉన్న చప్పట్లు ఎలా వినిపిస్తాయో అలాగే, ఒక ముద్దగా, కాస్త వెనకబడి వస్తాయి. తర్వాత ఒక్కొక్కరే చేరతారు. చివర్లో లార్డ్, బ్లాక్‌మోర్ ఒకరి మాట ఒకరు అందుకుంటూ వాయించే భాగం స్టూడియో పాటలో లేనే లేదు.

నా ఓటు 16కే. కారణం చైల్డ్ ఇన్ టైమ్. ఈ పాట మొదట వచ్చే ఆర్గన్ వరసకు మూలం ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే అమెరికా బ్యాండ్ వాళ్ల బాంబే కాలింగ్. పేరులోనే మన బొంబాయి ఉంది చూడండి. ఆ బాణీని వీళ్లు బాగా నెమ్మది చేసుకున్నారు. ఆ రాత్రి లార్డ్ ఎంత మెల్లగా మొదలుపెడతాడంటే, హాలంతా ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. జపాన్ శ్రోతలకు మనం దండం పెట్టాల్సింది ఇక్కడే. వేరే ఊళ్లలో ఈ చోట ఈలలు, కేకలు పడేవి. ఇక్కడ నిశ్శబ్దం. గిలన్ మాటలు ఆపి ఉత్త గొంతుతో మెట్టు మెట్టుగా పైకి వెళ్తాడు. ప్రతి మెట్టూ ముందు దానికంటే పై స్థాయిలో, చివరిది అరుపో పాటో తేల్చలేని చోట. ఇంక గొంతు చిరిగిపోతుందేమో అని మనకు టెన్షన్. చిరగదు. ఆ వెంటనే బ్లాక్‌మోర్ సోలో అందుకుంటాడు, పేస్ వేగం పెంచుతాడు, ఒక్కసారిగా బ్రేక్ వేసినట్టు అంతా ఆగుతుంది. మళ్లీ ఆ మెల్లని ఆర్గన్. పన్నెండు నిమిషాల పాట ఎక్కడా సాగదీసినట్టు ఉండదు.

స్ట్రేంజ్ కైండ్ ఆఫ్ వుమన్‌లో ఇంకో ముచ్చట. మధ్యలో పాట పక్కన పెట్టి గిటార్‌కీ గొంతుకీ జుగల్బందీ మొదలుపెడతారు. బ్లాక్‌మోర్ చిన్న ముక్క వాయిస్తే గిలన్ అచ్చం అలాగే పాడతాడు. ముక్క పెద్దదవుతుంది, పైకి పోతుంది, ఇతనూ పోతాడు. బ్లాక్‌మోర్ ఇతన్ని పడగొట్టాలనే చూస్తున్నాడని తెలుస్తూనే ఉంటుంది. చివరికి గిలన్ వేసే పొడుగాటి కేకతో పోటీ ముగుస్తుంది. ఈ ఇద్దరికీ స్టేజీ దిగితే పెద్దగా పొసగదు. ఆ డిసెంబరులోనే గిలన్ నేను వెళ్లిపోతానని చెప్పేశాడు. అది తెలిశాక ఈ భాగం విన్నప్పుడల్లా నాకు అందులో సరదాతో పాటు కసి కూడా వినిపిస్తుంది.

ద మ్యూల్ గురించి కుండబద్దలు కొడతాను. అది పేస్ డ్రమ్ సోలో, మన కచేరీల్లో తని ఆవర్తనం లాంటిది. పేస్ చేతివాటం అమోఘం, కాదనను. కానీ రోజూ వినేది కాదు. నేను సగంలో దాటేస్తాను. పేస్ అభిమానులు తిట్టుకున్నా సరే.

స్పేస్ ట్రకిన్ మీద కూడా ఇదే ఫిర్యాదు వింటాం. స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట ఇక్కడ ఇరవై నిమిషాలకు దగ్గర. ఎల్పీ నాలుగో వైపు మొత్తం అదే. అయితే ఒక కిటుకు తెలిస్తే ఆ పొడుగు కొరుకుడు పడుతుంది. పాట అయిపోయాక వచ్చేదంతా అసలు ఈ పాటది కాదు. 1968 నాటి వాళ్ల మొదటి ఆల్బమ్‌లో మాండ్రేక్ రూట్ అని ఉంది. స్టేజీ మీద దానికి జతచేసి ఏళ్ల తరబడి సాగించిన మనోధర్మాన్ని తెచ్చి దీనికి తోకగా కట్టారు. అంటే మీరు వింటున్నది నాలుగేళ్ల కసరత్తు. లార్డ్ తన హామండ్‌ను గిటార్‌కు వాడే మార్షల్ ఆంప్లిఫయర్లలోంచి పంపేవాడు, అందుకే అది ఆర్గన్‌లా కాకుండా ఏదో మృగంలా గర్జిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. గిటార్ ఒక చెవిలో, ఆర్గన్ ఇంకో చెవిలో పడతాయి, ఎవరేం చేస్తున్నారో విడివిడిగా తెలుస్తుంది. ఈ బ్యాండ్‌ను గిన్నిస్ బుక్ లోకంలోకెల్లా బిగ్గరగా వాయించేదని ఎక్కించుకుంది. పాటకీ పాటకీ మధ్య సందులో, అన్నిటికంటే అన్నీ గట్టిగా వినిపించాలి అని సౌండ్ వాళ్లను అడిగే ఆ మాట కూడా ఈ ఆల్బమ్‌లోదే.

విడివిడి ట్రాకులను సరిపడా పాళ్లలో కలిపే పనికి, అంటే మిక్సింగ్‌కు, బ్యాండ్‌లోంచి గ్లోవర్, పేస్ మాత్రమే వెళ్లారు. బ్లాక్‌మోర్, గిలన్ ఆ ఛాయలకు రాలేదు. బేస్, డ్రమ్స్ ఇంత స్పష్టంగా ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందిగా? ఊరికే అన్నానులెండి, బర్చ్ పనితనం అది.

మొదట ఇది జపాన్‌లోనే వేద్దామనుకున్నారు, అక్కడ లైవ్ ఇన్ జపాన్ అని వేరే పేరుతో వచ్చింది కూడా. టేపులు విన్నాక మనసు మారింది. 1972 డిసెంబరులో బ్రిటన్‌లో, తర్వాతి ఏప్రిల్‌లో అమెరికాలో వచ్చింది. అమెరికా చార్టుల్లో ఆల్బమ్ 6వ స్థానానికి వెళ్లింది. అన్నట్టు అట్ట మీది ఫొటో జపాన్‌ది కాదు, లండన్ కచేరీది. అందులో జనం మధ్య కనిపించే ఒక కుర్రాడు తర్వాత డెఫ్ లెపర్డ్ బ్యాండ్‌లో గిటారిస్టయిన ఫిల్ కాలెన్ అని అభిమానులు వేలు పెట్టి చూపిస్తారు.

16 అని నేను అన్నా, బ్యాండ్ వాళ్లు ఎక్కువ ఆనందించింది బుడోకాన్ రాత్రేనట. రికార్డింగ్ మాత్రం అక్కడ అంత బాగా కుదరలేదు. కాబట్టి టోక్యో పార్టీ వాళ్లదీ పూర్తిగా వితండవాదం కాదు. లేజీ వినండి చాలు, ఆ ఊపు ఒసాకాలో లేదు. వాయించేవాళ్ల మూడ్ ఒక రాత్రి బాగుంది, టేపు ఇంకో రాత్రి బాగుంది. పేచీ అంతా అందులోనే ఉంది.

ఇదివరకు ఈ వాదన గాల్లో జరిగేది. 1993లో మూడు సీడీల పెట్టె వచ్చాక చేతికి ఆధారం దొరికింది. 2014 ఎడిషన్‌లో మూడు రాత్రులూ ఎన్‌కోర్లతో (జనం మళ్లీ కావాలంటే చివర్లో వాయించే పాటలు) సహా ఉన్నాయి. ఇంకో విషయం, ఆల్బమ్‌లో పాటల వరస కచేరీ వరస కాదు. అసలు కచేరీలో హైవే స్టార్ అవ్వగానే స్మోక్ ఆన్ ద వాటర్ వస్తుంది, చైల్డ్ ఇన్ టైమ్ ఆ తర్వాత. 16వ తేదీని ఆ వరసలో ఒకసారి చివరిదాకా వినండి. ఆపైన స్మోక్ ఆన్ ద వాటర్ మొదలు మాత్రం మూడు రాత్రులవీ పక్కపక్కన పెట్టుకోండి, బ్లాక్‌మోర్ ఎక్కడ దారి తప్పాడో మీకే దొరుకుతుంది.

విన్నాక మీ ఓటు ఏ రాత్రికో చెప్పండి. మూడూ బాగున్నాయండీ అని తప్పించుకుంటే మాత్రం ఒప్పుకోను.