వీధి చివరి డ్యాన్స్ క్లాసు ఎవర్ని తయారుచేస్తుంది?

[దృశ్యం: సాయంత్రం. పాత ఇంటి మేడమెట్ల కింద చెప్పుల గుట్ట. పైనుంచి చెక్క మీద కర్రతో వేస్తున్న తాళం.]

వాయిస్ ఓవర్: మీ వీధిలోనో పక్క వీధిలోనో ఒక కూచిపూడి క్లాసు ఉండే ఉంటుంది. బోర్డు మీద రంగు వెలిసిపోయినా క్లాసు మాత్రం నడుస్తూనే ఉంటుంది. అక్కడ చేరినవాళ్లలో పెద్దయ్యాక నర్తకులుగా స్థిరపడింది ఎందరని లెక్కపెడితే చేతివేళ్లు మిగిలిపోతాయి. తొమ్మిదిలో ట్యూషన్లు, పదిలో డ్యాన్స్ బంద్. మరి ఇన్నేళ్లుగా ఆ క్లాసు చేస్తున్న పనేమిటి? నన్నడిగితే, మానేసినవాళ్లను బట్టే దాని విలువ కట్టాలంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు కృష్ణా జిల్లా వెళ్లాలి.

[దృశ్యం: కూచిపూడి గ్రామం, రామలింగేశ్వరస్వామి గుడి.]

వాయిస్ ఓవర్: మొవ్వ మండలం కూచిపూడిలో ఒకప్పుడు ఊరే బడి. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల... ఈ ఇళ్ల మగపిల్లలు అయినవాళ్ల దగ్గరే నేర్చుకుని, మేళాలు, అంటే నాటక బృందాలు కట్టి ఊరూరా ఆడేవాళ్లు. ఆడవేషాలూ వాళ్లవే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. కాలం మారి మేళాలకు ఆదరణ తగ్గాక గురువులు ఊరు దాటారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడవాళ్లకు నేర్పారు. వెంపటి చినసత్యం మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. శోభానాయుడు ఆయన శిష్యురాలే. ఆవిడ హైదరాబాదులో మరెందరినో తయారుచేశారు. అలా శిష్యులు, వాళ్ల శిష్యులు తలా ఒక ఊళ్లో బడి తెరిచారు. ఇప్పుడు క్లాసులో ఒక్క మగపిల్లాడు చేరితే టీచరుగారికి పండగ!

ఇక్కడ ఒక సంగతి దాటెయ్యకూడదు. అంతకుముందు తెలుగునాట ఆడవాళ్లు నాట్యం చెయ్యలేదని కాదు. గుళ్లలో, వేడుకల్లో జరిగే మేజువాణీ కచేరీల్లో, ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల కులం స్త్రీలు తరతరాలుగా చేశారు. సంస్కరణోద్యమాలు, ఆపైన ఆడపిల్లల్ని గుళ్లకు అంకితమివ్వడాన్ని నిషేధించిన 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం వాళ్ల ఆటకు చోటు లేకుండా చేశాయి. నటరాజ రామకృష్ణ వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి నేర్చుకుని, ఆ విద్యను ఆంధ్రనాట్యం పేరుతో మళ్లీ వేదికెక్కించారు. ‘మా అమ్మాయి డ్యాన్స్ నేర్చుకుంటోంది’ అని ఇవాళ మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ మర్యాద కళావంతుల ఆడపడుచులకు దక్కలేదు.

[దృశ్యం: క్లాసు లోపల. చిన్నపిల్లలు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో. ఒక పాప లేచి నిలబడుతుంది, మళ్లీ కూర్చుంటుంది.]

వాయిస్ ఓవర్: విజయదశమికి చేర్చడం ఆనవాయితీ. మొదట్లో నెలల తరబడి అడవులే, అంటే నాట్యంలోని ప్రాథమిక అడుగులే. అరమండిలో కూర్చుని ఒకే అడవు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వెయ్యాలి. తొడలు పీకుతాయి. టీవీలో చూసిన పాట ఎప్పుడు నేర్పుతారని పిల్ల అడుగుతుంది, కొన్నాళ్లకు తల్లీ అడుగుతుంది. చాలామంది మానేసేది ఇక్కడే. ఓపికపట్టినవాళ్లకు కౌత్వమో జతిస్వరమో, అంటే మొదట నేర్పే చిన్న నృత్యాంశమేదో వస్తుంది. వినాయకచవితి పందిట్లో, దసరా నవరాత్రుల్లో మొదటిసారి గజ్జె కట్టుకుని జనం ముందుకొస్తారు.

[దృశ్యం: వేదిక వెనక గది. పారాణి, జడకుచ్చులు, వడ్డాణం, సూర్యచంద్రులు.]

వాయిస్ ఓవర్: ఆ పది నిమిషాల వెనక ఎవరెవరున్నారో చూడండి. విసనకర్రలా మడతలు విచ్చుకునేలా డ్రెస్ కుట్టే టైలరు, నగల సెట్లు అద్దెకిచ్చేవాళ్లు, మేకప్ మనిషి, తాళాలు కొడుతూ ఆట నడిపించే నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్. పేరున్న నర్తకి ఏడాదికి ఇచ్చే కొద్ది ప్రదర్శనలతో వీళ్లకు కడుపు నిండదు. వీధి క్లాసుల వార్షికోత్సవాలే ఆధారం. అయితే చిన్న ప్రోగ్రాములు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌ పాటతోనే కానిచ్చేస్తున్నారు. ఖర్చు సంగతి అర్థమవుతుంది. కానీ మృదంగం వాయించే మనిషి పిల్ల అడుగు చూసి సర్దుకుంటాడు. పెన్‌డ్రైవ్ ఎవరికోసమూ ఆగదు.

[దృశ్యం: ప్రేక్షకుల్లో కూర్చున్న నడివయసు స్త్రీ. తొడమీద వేళ్లతో తాళం.]

వాయిస్ ఓవర్: ఇప్పుడు మానేసినవాళ్ల దగ్గరికి వద్దాం. తరంగం అనే నృత్యాంశంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ముందుకు జరుగుతుంటే కొత్తవాళ్లు పళ్లేన్ని చూసి చప్పట్లు కొడతారు. చిన్నప్పుడు మూడేళ్లు నేర్చుకుని వదిలేసినావిడ లయ వింటుంది. జతి, అంటే అడుగుల లయ వరస, ఎక్కడ తప్పిందో ఆవిడకు తెలుస్తుంది, పక్కావిడ చెవిలో చెబుతుంది కూడా. రేపు తన కూతుర్ని తీసుకొచ్చేదీ ఆవిడే. టికెట్టు కొని వచ్చే ప్రేక్షకులను ఏ అకాడమీ తయారుచెయ్యదు. క్లాసు బయట బెంచీ మీద ఎదురుచూసే తల్లులూ నాయనమ్మలూ కూడా వినీ వినీ సగం విద్య నేర్చేసుకుంటారు.

2010 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా కలిసి హిందోళ రాగంలో తిల్లానా అనే నృత్యాంశం చేశారు. గిన్నిస్ రికార్డు వచ్చింది. నాకు రికార్డుల మీద పెద్ద మోజు లేదు. కానీ విదేశాల నుంచి కూడా వచ్చి, అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు ఒకే తాళానికి అడుగు కలిపారంటే, ఎక్కడెక్కడి చిన్న గదుల్లోనో ఎవరో అదే పాఠం ఓపిగ్గా చెప్పబట్టే.

[దృశ్యం: మళ్లీ క్లాసు. గోడమీద ఫీజు, టైమింగుల కాగితం.]

వాయిస్ ఓవర్: మీ పిల్లను చేర్చాలనుకుంటే ఒకరోజు వెళ్లి క్లాసు చూడండి. మూడు నెలల్లో స్టేజీ ఎక్కిస్తామంటే జాగ్రత్తపడండి. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకు కూర్చోబెడతారేమో అడగండి. రంగప్రవేశం, అంటే పిల్ల తొలి పూర్తి సోలో ప్రదర్శన, ఖర్చూ ముందే అడగండి. హాలు, ఆర్కెస్ట్రా, నగలు, వీడియో, భోజనాలు అన్నీ కలిపి చివరికి చిన్నసైజు పెళ్లవుతోంది. ఆ మొత్తంలో కొంత తీసి, ఏడాదికొకసారి క్లాసులో పిల్లలందరికీ లైవ్ మృదంగం పెట్టించడం మేలని నా అభిప్రాయం. తల్లిదండ్రులు తలా కొంత వేసుకుంటే అదేమంత పెద్ద ఖర్చు కాదు.