అరకు రిసార్ట్ టిఫిన్: ఇడ్లీకి వంక లేదు, పెసరట్టు దగ్గరే బాధ

అందరికీ నమస్కారం అండి. ఈ వీడియో అరకులో నేను ఎంతో ఇష్టపడే ఒక రిసార్ట్ రెస్టారెంట్ గురించి, అది కూడా పొద్దుటి టిఫిన్ గురించి మాత్రమే. రూములు, స్విమ్మింగ్ పూల్ జోలికి వెళ్ళను. రిసార్ట్ పేరు కూడా చెప్పట్లేదు. అక్కడ వండేవాళ్ళన్నా, వడ్డించేవాళ్ళన్నా నాకు గౌరవం. పైగా నేను చెప్పబోయే మార్పు కొండ మీద ఇంకా చాలా చోట్ల కనిపిస్తోంది.

ముందు ఆ టిఫిన్ ఎందుకంత నచ్చేదో చెప్తాను. అప్పట్లో అక్కడ బఫే లేదు. బల్ల దగ్గర కూర్చుంటే ఒకాయన వచ్చి, ఇవాళ ఏమున్నాయో నోటితోనే చెప్పేవారు. ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, పూరీ, అడిగితే చోడి అంబలి, అంటే రాగి జావ. అంతే. పెసరట్టు చెప్పామంటే వంటింట్లో పెనం మీద నీళ్ళు చిలకరించిన చప్పుడు బల్ల దాకా వినిపించేది. అట్టు పల్చగా, అంచులు ఎర్రగా, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం ముక్కలు. మధ్యలో వేడి ఉప్మా పెట్టి మడిచి తెచ్చేవారు. పక్కన బెల్లం బాగా తగిలిన అల్లం పచ్చడి. చలికాలం పొద్దున్న, కిటికీ బయట మంచు ఇంకా విడవకుండా ఉన్నప్పుడు ఆ ప్లేటు ముందుకొస్తే ఎలా ఉంటుందో అరకు వెళ్ళినవాళ్ళకి తెలుసు.

ఇప్పుడు బఫే పెట్టారు. పొడవాటి టేబుల్, మూతలున్న స్టీల్ గిన్నెలు, కింద వేడినీళ్ళు, దాని కింద చిన్న మంట. ఇడ్లీ, వడ, పూరీ, పోహా, నూడుల్స్, బ్రెడ్, కార్న్‌ఫ్లేక్స్, కోసిన పుచ్చకాయ అన్నీ ఉన్నాయి. రేటు కూడా బాగానే పెరిగింది. ఐటమ్స్ లెక్కపెట్టి డబ్బులకి సరిపోయిందా అని చూసేవాళ్ళకి సరిపోతుంది. కానీ పెసరట్లని మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ మూత గిన్నెలో పెట్టారు చూడండి, అక్కడే నాకు మనసు చివుక్కుమంది.

పెసరట్టు అలా దాచిపెట్టే వంటకం కాదండి. పొట్టుతో ఉన్న పెసలు నానబెట్టి, రుబ్బి, పులియబెట్టకుండా వేసే అట్టు అది. దాని రుచిలో సగం పెనం మీద నుంచి దిగిన కరకరలోనే ఉంది. మూత పెడితే దాని ఆవిరి మళ్ళీ దాని మీదే పడుతుంది. పది నిమిషాల్లో అంచులు మెత్తబడతాయి, ఇంకాసేపటికి తుంచితే సాగుతుంది. నేను తీసుకున్నది అలాగే సాగింది. ఉప్మా ఇంకో గిన్నెలో విడిగా ఉంది, పైన గట్టిగా పెచ్చు కట్టేసి. ఈ రెండూ కలిపి తినే పద్ధతి ఒకటుందని కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ టేబుల్ చూస్తే తెలిసే వీలే లేదు.

అయితే ఇడ్లీ గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఇడ్లీ అద్భుతం. అరకు చలిలో పిండి పులవడం అంత తేలిక కాదు. కింద విశాఖలో రాత్రి రుబ్బి పెడితే పొద్దున్నకి పొంగే పిండి, కొండ మీద డిసెంబర్‌లో కదలకుండా అలాగే ఉండిపోతుంది. అడిగితే వంటాయన చెప్పారు: సాయంత్రం పెందలాడే రుబ్బేసి, గిన్నెకి గోనెపట్టా చుట్టి, పొయ్యి పక్కన పెడతారట. ఆ శ్రద్ధ ఇడ్లీలో తెలుస్తోంది. వేలితో నొక్కితే దిగి మళ్ళీ పైకి లేస్తోంది. వాయి వాయికీ తెచ్చి పెడుతున్నారు కాబట్టి వేడిగానూ ఉంది. పల్లీ చట్నీ, కారప్పొడి, నెయ్యి అన్నీ బాగున్నాయి. వడ మామూలుగా ఉంది.

చోడి అంబలి బఫేలో లేదు. అడిగాను. లోపలికి వెళ్ళి, మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి గ్లాసుతో తెచ్చి ఇచ్చారు. సిబ్బంది కోసమని రోజూ కాస్తారట! రాగులు పండే కొండల్లో ఉంటూ ఇంత మంచి అంబలిని వంటింట్లో ఉంచి, బయట కార్న్‌ఫ్లేక్స్ ఎందుకు పెడుతున్నారో నాకు నిజంగా అర్థం కాలేదు.

అన్నింటికన్నా ఎక్కువ బాధ పెట్టింది కాఫీ. ఒక మూల మెషీన్ ఉంది. బటన్ నొక్కితే పాలపొడి, పంచదార ముందే కలిపేసిన కాఫీ వస్తోంది. మనం కూర్చున్నది ఎక్కడండీ? అరకులో. ఇక్కడి గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, అవే చెట్లకి మిరియాల తీగలు పాకించి పెంచే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 2017లో, అరకు కాఫీ పేరుతో పారిస్‌లో షాపు తెరిచారు. పారిస్‌లో దొరికే కాఫీ అరకు రిసార్ట్‌లో పొద్దున్నే దొరకదంటే ఎలా? ఇక్కడ ఇంతకుముందు ఇత్తడి ఫిల్టర్‌లో డికాషన్ దించి, చిక్కటి పాలతో ఇచ్చేవారు. ఆ వాసన నాకింకా గుర్తుంది.

యాజమాన్యం వైపు నుంచి కూడా చూడాలి. అరకు రైలుకి అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టెలు వచ్చాక, వంజంగి కొండ మీది మేఘాల వీడియోలు అందరి ఫోన్లకీ చేరాక శీతాకాలం జనం బాగా పెరిగారు. అందరూ ఎనిమిదిన్నరకి ఒకేసారి దిగుతారు, తొమ్మిదికల్లా బొర్రా గుహలకి బయల్దేరాలంటారు. అంతమందికి ఒక్కొక్క అట్టూ వేసి ఇవ్వడం కష్టమే, ఒప్పుకుంటాను. మరి అట్టు ఒక్కదానికైనా బయట ఒక పొయ్యి, ఒక మనిషి చాలు కదా. లైన్‌లో నిలబడటానికి నాలాంటివాళ్ళం సంతోషంగా సిద్ధం. మేనేజర్ గారితో ఇదే చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు, ఆలోచిస్తామన్నారు.

ఈలోగా మీరు అరకు వెళ్తే, ఏ రిసార్ట్ అయినా సరే, ఏడున్నరకే రెస్టారెంట్‌కి వెళ్ళండి. గిన్నెలో పెసరట్టు తీసుకోకుండా, వేడిగా ఒకటి వేసిస్తారా అని అడగండి. జనం తక్కువున్నప్పుడు చాలామంది కాదనరు. అంబలి ఉందేమో కనుక్కోండి. కాఫీ మాత్రం అక్కడ వద్దు. బయటికొస్తే అరకు కాఫీ అమ్మే చిన్న షాపులున్నాయి, అక్కడ తాగండి, వస్తూ వస్తూ పొడి కూడా కొనుక్కోండి. ఇంకా పెనం మీద నుంచి నేరుగా ప్లేటులోకి పెసరట్టు వేస్తున్న హోటల్ అరకులో మీకు తెలిస్తే కామెంట్‌లో రాయండి, ఈసారి అక్కడికే వెళ్తాను.