ట్రంప్ సంగతి తర్వాత! మీరు అమెరికాకి పంపేది పచ్చడి కాదు, గాలి!

నమస్తే అండీ. నా చేతిలో ఉన్నది చూశారా? టైలర్ టేపు. ఇంట్లో ఇది పెట్టుకుని కూడా కొలవకుండా అమెరికాకి పార్సిల్ వేస్తున్నారంటే, మీరు గాలికి డబ్బులు కడుతున్నారు. అవును, గాలికే!

800 డాలర్ల లోపు పార్సిళ్లకి సుంకం లేదన్న మినహాయింపుని 2025 ఆగస్టు 29న అమెరికా ఎత్తేసింది. అంతకు నాలుగు రోజుల ముందే మన పోస్టాఫీసు అక్కడికి చాలావరకు పార్సిళ్లు ఆపేసి, మళ్లీ అక్టోబర్ 15న మొదలుపెట్టింది. ఆ గొడవంతా మీకు తెలిసిందే. అందరూ ట్రంప్‌ని తిట్టారు, నేనూ తిట్టాను. కానీ ట్రంప్ రాకముందు నుంచీ మన జేబుకి చిల్లు పెడుతున్నది ఇదిగో, ఈ అట్టపెట్టె!

అమెరికాలో ఉన్న మా అక్క కోసం అమ్మ ఆవకాయ, కంది పొడి, సున్నుండలు సర్దింది. ఇంట్లో కాటా మీద సరిగ్గా ఆరు కిలోలు. కొరియర్ కౌంటర్‌లో బిల్లెంతకి వేశారో తెలుసా? తొమ్మిదిన్నర కిలోలకి! "ఆరే కదా అన్నా?" అంటే "వాల్యూమెట్రిక్ అండీ" అన్నాడు. అమ్మకి ఆ మాట అర్థం కాలేదు. నోరు మూసుకుని డబ్బులిచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

వాల్యూమెట్రిక్ అంటే పెట్టె సైజుని బట్టి కట్టే బరువు. లెక్క ఇదీ. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించండి, 5000తో భాగించండి. డీహెచ్ఎల్ అయినా ఫెడెక్స్ అయినా విదేశాలకి ఇదే పద్ధతి. వచ్చిన అంకె, కాటా చూపించిన బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. మా పెట్టె 45, 35, 30. అంటే 47,250. భాగిస్తే 9.45. అర కిలో లెక్కన పైకి జరిపి తొమ్మిదిన్నర. కిలో 700 అనుకున్నా, మూడున్నర కిలోల గాలికి 2,450 రూపాయలు!

ఇంకోటి చూడండి, ఇక్కడ దగ్గరగా చూపిస్తాను. పెట్టె పొట్ట ఉబ్బింది కదా? టేపు ఆ ఉబ్బు మీదే పెడతారు. ప్రతి వైపూ రెండేసి సెంటీమీటర్లు పెరిగిందనుకోండి, 47, 37, 32. ఎంతయిందో తెలుసా? 11.13! అంటే పదకొండున్నర కిలోలకి బిల్లు. లోపల ఒక్క సున్నుండ కూడా పెరగలేదు!

కౌంటర్‌లో అడగకుండానే పెద్ద పెట్టె ఎందుకిస్తారు? నన్నడిగితే, అందుకే ఇస్తారు. కాదంటే కింద కామెంట్లలో చెప్పండి, నేను మాత్రం ఒప్పుకోను. తర్వాతిసారి అవే సరుకుల్ని, పచ్చడి సీసాలు మానేసి గాలి తీసేసిన వాక్యూమ్ ప్యాకెట్లలో పెట్టి, 40, 30, 20 పెట్టెలో సర్దాం. లెక్క 4.8. ఇక గాలి బిల్లు లేదు, అసలు బరువుకే కట్టాం. సీసాల బరువు పోయిందిగా, అదీ ఆరులోపే!

చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం పెట్టకండి, అమెరికా కస్టమ్స్ పట్టుకుంటుంది. ఇంట్లో చేసి మీరే మీ వాళ్లకి కానుకగా పంపే తిండికి ఎఫ్‌డీఏకి, అంటే అమెరికా ఆహార, ఔషధ సంస్థకి, ముందస్తు నోటీసు అక్కర్లేదు. షాపులో కొన్నదానికి కావాలి. అందుకే లోపల ఏముందో జాబితాలో ఉన్నదున్నట్టు రాయండి. "గిఫ్ట్ ఐటమ్స్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి.

ఇక ట్రాకింగ్. పార్సిల్ తీసుకునే ఏజెంట్ ఇచ్చే మొదటి నంబర్ చాలాసార్లు ఆయన సొంత నంబరే. అది పట్టుకుని మీ అమ్మాయి అక్కడ వెతికితే ఏమీ కనపడదు. "ఫార్వర్డింగ్ నంబర్ ఇవ్వండి" అని గట్టిగా అడగండి, అంటే పార్సిల్‌ని నిజంగా మోసుకెళ్లే కంపెనీ నంబర్. డీహెచ్ఎల్‌ది 10 అంకెలు, ఫెడెక్స్‌ది మామూలుగా 12. పోస్టాఫీసుదైతే రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. అదే నంబర్ అమెరికా పోస్టు సైట్‌లోనూ పనిచేస్తుంది.

మొన్న అమ్మ మళ్లీ పార్సిల్ కట్టింది. కౌంటర్‌లో అతను టేపు తీసేలోపే తనే కొలిచేసి, "నలభై, ముప్పై, ఇరవై. రాసుకో నాయనా" అంది.