కాచినా పోని విషం

అందరికీ నమస్కారం.

నీళ్ళ మీద అనుమానం వస్తే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పేది ఒకటే: "కాచి, చల్లార్చి తాగండి." కలరా, టైఫాయిడ్ క్రిముల విషయంలో అది బంగారం లాంటి మాట. కానీ 2014 ఆగస్టు 2న తెల్లవారేసరికి అమెరికాలోని టొలీడో నగరంలో అధికారులు చెప్పింది వేరు. కుళాయి నీళ్ళు తాగొద్దు, కాచి కూడా తాగొద్దు! నాలుగు లక్షల మందికి పైగా జనం రెండు రోజులకు పైగా సీసా నీళ్ళ కోసం పరుగులు పెట్టారు.

ఆ ఊరికి నీళ్ళు ఈరీ సరస్సు నుంచి వస్తాయి. అందులో మైక్రోసిస్టిస్ అనే సయనోబ్యాక్టీరియా విపరీతంగా పెరిగింది. చూడటానికి నాచులా ఉంటుంది గానీ నాచు కాదు, ఎండను తిని బతికే బ్యాక్టీరియా. ఇలా పెరగడాన్ని ఇంగ్లీషులో 'బ్లూమ్' అంటారు, అంటే పూత. పూత అనగానే మనకు మామిడిచెట్టు గుర్తొస్తుంది. ఇదేమో నీళ్ళలో ఆకుపచ్చ పెయింటు ఒలకబోసినట్టు ఉంటుంది.

ఇది తయారుచేసే మైక్రోసిస్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అది క్రిమి కాదు, రసాయనం. కాస్తే చావడానికి దానికి ప్రాణం లేదు. పైగా నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో విషం ఇంకా చిక్కబడుతుంది. పోనీ చెరువులో మైలుతుత్తం చల్లి చంపేద్దామంటే, కణాలు పగిలి లోపలి విషమంతా ఒక్కసారిగా బయటికొస్తుంది.

మరి దీన్ని పెంచుతున్నదేమిటి? నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సును నడుము దగ్గర తెరకట్టి రెండు చేసింది. రెండు వైపులా కార్బన్, నత్రజని వేశారు. ఒక వైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ వైపే పచ్చగా మారింది! విమానం నుంచి తీసిన ఫొటోలో సరిహద్దు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఈరీకి ఆ భాస్వరం ఎక్కువగా మామీ నది మోసుకొస్తుంది: పొలాల ఎరువులు, పశువుల పేడ. అటు పడమటి భాగంలో సరస్సు సగటు లోతు ఎనిమిది మీటర్లు కూడా ఉండదు, త్వరగా వేడెక్కుతుంది.

పచ్చగా ఉన్న ప్రతి చెరువులోనూ విషం ఉండదు. కొన్ని రకాలు అసలు తయారుచేయవు. ఏది ఏదో కంటితో చూసి చెప్పలేం, నీటి పరీక్ష చేయాల్సిందే. అందాకా పశువులను అటు తోలకండి, పిల్లల్ని ఈతకు దింపకండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.